రాజోలు ఇంటికి ఏ గీజరు? పదిహేను లీటర్ల ట్యాంకుకే నా ఓటు

గీజరు ఎన్ని లీటర్లన్నది తరవాత చూసుకోవచ్చు. ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మీ ఇంట్లో బకెట్టు స్నానమా, షవరా? తెల్లవారుజామున కరెంటు ఎంత వోల్టేజిలో వస్తుంది? కుళాయిలో వచ్చేది కాలువ నీరా, బోరు నీరా? వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న మా రాజోలు ప్రాంతంలో ఈ మూడూ చూసుకున్నాకే మేము 15 లీటర్ల స్టోరేజీ గీజరు తీసుకున్నాం. ఇప్పటికి వేసవులూ, కార్తీకాలూ చూసిన గీజరు కాబట్టి దాని గురించి ధైర్యంగా రాస్తున్నాను.

మా అబ్బాయి మాత్రం ట్యాంకు వద్దన్నాడు. వాడు ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాడు. వాళ్ల అద్దె ఇంట్లో కాంబీ బాయిలర్ ఉంది. గోడకు బిగించిన ఒకే పెట్టె చలికాలంలో గదుల్ని వెచ్చబరుస్తుంది, కుళాయి తిప్పితే అప్పటికప్పుడు నీళ్లూ కాచి ఇస్తుంది. అక్కడ వేడినీళ్లు నిలవ ఉంచే పెద్ద సిలిండర్లు తీసేసి ఇవి పెట్టుకున్న ఇళ్లే ఎక్కువ. "ట్యాంకు ఎందుకమ్మా, చోటు దండగ. ఇన్‌స్టంట్ పెట్టించు" అని వాడి పట్టు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. లెక్క చూడకుండా కొనడం నా వల్ల కాదు. వాళ్ల కాంబీ బాయిలర్ వేడినీళ్లకు 24 కిలోవాట్ల శక్తి ఇస్తుంది. వీధి పైపులో వచ్చే గ్యాసుతో నడుస్తుంది కాబట్టి అంత శక్తి దానికి కష్టం కాదు. నీటిని 35 డిగ్రీలు పైకి తెచ్చి కూడా నిమిషానికి 10 లీటర్ల దాకా ఇవ్వగలదు. మన దగ్గర అమ్మే, 3 లీటర్ల చిన్న ట్యాంకు మాత్రమే ఉండే ఇన్‌స్టంట్ గీజరుది 3 కిలోవాట్లు, అంటే అందులో ఎనిమిదో వంతు. పద్ధతి ఒకటే అయినా బలం ఒకటి కాదు.

మా మేడ మీద ట్యాంకులో జనవరి తెల్లవారుజామున థర్మామీటరు పెట్టి చూస్తే 22 డిగ్రీలు చూపింది. స్నానానికి 40 డిగ్రీలు చాలు. ఆ 18 డిగ్రీలు పెంచడానికి 3 కిలోవాట్ల గీజరు నిమిషానికి సుమారు 2.4 లీటర్లే ఇవ్వగలదు. అంటే 20 లీటర్ల బకెట్టు నిండడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. అదీ వోల్టేజి 230 ఉన్నప్పుడు. చలి రోజుల్లో, వీధిలో మోటార్లన్నీ ఒక్కసారి మొదలయ్యే వేళ మా స్టెబిలైజరు మీద 190 కనిపిస్తుంటుంది. వోల్టేజి తగ్గితే, నీళ్లు కాచే కాయిలు శక్తి వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ను) అనుసరించి పడిపోతుంది. 190 దగ్గర ఆ 3 కిలోవాట్లు కాస్తా రెండుకు దిగుతాయి. బకెట్టుకు పన్నెండు నిమిషాలు. ఎనభై దాటిన మా అత్తయ్యగారిని కార్తీకమాసం చలిలో అంతసేపు పీట మీద కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

ట్యాంకు గీజరులో కాయిలు 2 కిలోవాట్లే. 15 లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి దానికి ఇరవై నిమిషాలు, వోల్టేజి 190 ఉన్న రోజున అరగంట పడుతుంది. అయితే ఆ ఆలస్యమంతా ఆవిడ మంచం మీద ఉండగానే గడిచిపోతుంది. లేచి వచ్చేసరికి నీళ్లు సిద్ధం. బకెట్టులో సగం వేడినీళ్లు, సగం చన్నీళ్లు కలిపితే సరిపోతుంది. ఒక ట్యాంకుకు బకెట్టున్నర వస్తుంది. తలంటుకునే రోజున కూడా ఆవిడ చెంబు పట్టుకుని ఆగవలసిన పని పడలేదు.

ఇన్‌స్టంట్ అయితే కరెంటు ఆదా అని అంగడివాళ్లు గట్టిగా చెబుతారు. ఈ మాట సగమే నిజం. ఒక బకెట్టు నీటిని 22 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి ఏ గీజరైనా దాదాపు 0.42 యూనిట్లు తినవలసిందే. ట్యాంకుతో అదనంగా పోయేది నిలవ ఉన్న వేడి మాత్రమే. పెట్టె మీద ఉండే నక్షత్రాలు చెప్పేది కూడా అదే: ఒక రోజులో ట్యాంకు గోడల గుండా ఎంత వేడి పోతుందన్నది. మేము అయిదు నక్షత్రాలది తీసుకున్నాం, స్నానం ముందు వేసి తరవాత ఆపేస్తాం. బిల్లులో నాకు భయపడవలసినంత తేడా కనబడలేదు. పగలంతా స్విచ్చి వేసి ఉంచే ఇళ్లకు మాత్రం నా మాట వర్తించదు.

వైరింగు సంగతి కూడా చూసుకోవాలి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు, 4.5 కిలోవాట్ల రకమైతే దాదాపు 20. పాత పెంకుటిళ్లలో లైట్ల కోసం లాగిన సన్నటి తీగకు దాన్ని తగిలించడం నిప్పుతో చెలగాటం. 2 కిలోవాట్ల గీజరుకైనా 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, విడి తీగ, సరైన ఎర్తు తప్పనిసరి. మేము ఎర్తు కొత్తగా వేయించాం.

ఇక నీటి సంగతి. దీని గురించే అందరికీ చెప్పాలనుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా కాలువ నీటి మీద బతుకుతోంది. కానీ దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు మాలాంటి ఇళ్లకు వాడకం నీరంటే బోరే. సముద్రం వైపు పోయేకొద్దీ ఆ నీటిలో ఉప్పు పెరుగుతుంది. గీజరును తినేసేది ఆ ఉప్పే. అందుకే ట్యాంకు లోపల గాజు పూత వేసి, పక్కన ఒక మెగ్నీషియం రాడ్డు పెడతారు. ఉప్పునీరు ట్యాంకు ఉక్కును తినకుండా ముందు ఆ రాడ్డు కరిగిపోతుంది. అది అయిపోయిన రోజు నుంచి తినేది ట్యాంకునే.

మొన్న వేసవి చివర మెకానిక్‌ను పిలిచి విప్పించాను. కింద పళ్లెం బోల్టులు తీయగానే గోధుమరంగు బురద నీళ్లు బకెట్టులో పడ్డాయి. కాయిలు చుట్టూ తెల్లటి పెచ్చు, గోరుతో గీకితే పొడిగా రాలింది. బొటనవేలంత లావు ఉండవలసిన రాడ్డు నానిన సుద్దముక్కలా గుంటలు పడి, చివర మధ్యలోని ఇనుప తీగ బయటికి కనిపించింది. "టీచర్ గారూ, ఇంకో వేసవి ఇలాగే వదిలేస్తే ట్యాంకు కారేది" అన్నాడు. కొన్నప్పుడు ఆ రాడ్డు ఊసెత్తిన మనిషి అంగట్లో ఒక్కడూ లేడు. వారంటీ కార్డులో మాత్రం, దాన్ని మార్పించుకునే ఖర్చు కొన్నవాళ్లదేనని చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్‌స్టంట్ రకంలో చాలావరకు స్టీలు ట్యాంకు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు స్టీలుకు కూడా సూదిమొనంత చిల్లులు పెడుతుంది కాబట్టి అది తీసుకున్నా ఈ బెంగ తీరదు.

ఇంకో మాట. గీజరు వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడితే కంగారు పడకండి. 15 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి ఒక గ్లాసుడు నీరు పెరుగుతుంది. అది పోవడానికే ఆ దారి. చుక్కలు పడుతున్నాయని వాల్వుకు బిరడా బిగించిన ఇల్లు ఒకటి చూశాను. అది ప్రాణాంతకం. వెంటనే తీయించాను.

మా గీజరులో నచ్చనివీ ఉన్నాయి. వేడి తగ్గించే మీట మీద అంకెలు లేవు. బిగించడం ఉచితమని చెప్పి పైపులకు, వాల్వుకు విడిగా 900 రూపాయలు తీసుకున్నారు. పండక్కి ఇల్లు నిండితే 15 లీటర్లు ఏ మూలకూ రావు. భోగినాడు మాత్రం పెరట్లో కొబ్బరి డొక్కలు వేసి పాత రాగి బాయిలరే వెలిగిస్తాం.

గ్యాస్ గీజరు నిమిషానికి 5, 6 లీటర్లు ఇస్తుంది, కరెంటు బాధ లేదు. అయినా స్నానాల గది లోపల దాన్ని పెట్టవద్దని దండం పెట్టి చెబుతాను. లీడ్స్‌లోని బాయిలర్ మంటకు గాలి బయటి నుంచి తీసుకుంటుంది, పొగను గొట్టం గుండా బయటికే పంపుతుంది. ఇక్కడ చవకగా అమ్మే వాటిలో చాలావాటికి ఆ గొట్టమే ఉండదు. తలుపు మూసిన చిన్న గదిలో చేరే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మనిషి కేక వేసేలోపే స్పృహ పోతుంది. పెడితే బయటి గోడకు, గాలి ఆడే చోట పెట్టి పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి.

ఇన్‌స్టంట్ గీజరు వంటింటి సింకు దగ్గర బాగా పనికొస్తుంది. జిడ్డు గిన్నెలకు కొద్దికొద్దిగా వేడినీళ్లు చాలు కదా. మా చెల్లెలు పాలకొల్లులో అలాగే పెట్టుకుంది, సుఖంగా ఉంది.

మా మోడలు రాడ్డు అమలాపురంలో దొరకలేదు. మెకానిక్ రాజమహేంద్రవరం నుంచి తెప్పించాడు, వచ్చేదాకా గీజరు ఆపి ఉంచాం. డబ్బు కట్టే ముందు రాడ్డు, పళ్లెం కింది గాస్కెట్టు విడిగా ఎక్కడ దొరుకుతాయో అడిగి, రాడ్డు పొడవు, మర సైజు బిల్లు వెనక రాయించుకోండి.