మా వార్డు సచివాలయం: నీళ్ల పని బాగా చేస్తున్నారు, ఇంటి కొళాయికే కాగితం అడ్డం

కర్నూలు వన్‌టౌన్‌లో, హంద్రీ ఒడ్డున ఉంటుంది మా కాలనీ. నేను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాలో ఆర్‌పీని (రిసోర్స్ పర్సన్‌ని), పొదుపు సంఘాలు చూస్తాను. సచివాలయానికి పోని వారం ఉండదు కాబట్టి ఈ రివ్యూ నిలకడగా చూసి రాస్తున్నదే.

పోయిన ఎండాకాలం మా వీధి కొళాయి నీళ్లు వాసన కొట్టాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు. సచివాలయంలో నీళ్లు, కాలువల పని చూసే ఎమినిటీస్ సెక్రటరీకి ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా క్లోరిన్ కిట్ పట్టుకొని వచ్చాడు. ఆ నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని లెక్క. మా నీళ్లకు రంగే రాలేదు. కాలువలో మునిగిన పైపు జాయింటు దగ్గర మురుగు లోపలికి పోతోందని అతనే వెతికి పట్టాడు. ఫిట్టరుతో మార్పించి, మళ్లీ టెస్ట్ చేసి, రంగు మా అందరికీ చూపించి పోయాడు. 2019లో సచివాలయాలు రాకముందు ఇలాంటి పనికి ఎవరిని అడగాలో కూడా మాకు తెలిసేది కాదు.

ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల గురించి మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. గడువు 2030. ఆరోది నీళ్లు, పారిశుధ్యం. దాని కొలత నాకు బాగా గుర్తుండిపోయింది: నీళ్లు ఇంటి ఆవరణలోనే దొరకాలి, కావలసినప్పుడు రావాలి, కలుషితం ఉండకూడదు. మూడూ ఉంటేనే లెక్కలోకి వస్తుంది. మా వీధి కొళాయి ఇప్పుడు మూడోదాంట్లో మాత్రమే పాస్. రోజు విడిచి రోజు నీళ్లు, అదీ బిందెల వరసలో నిలబడి.

ఇంటి కొళాయి కోసం మా సంఘంలోని ఒక అవ్వ అర్జీ పెట్టుకుంది. సచివాలయంలో ఫారం వాళ్లే నింపిచ్చారు. పై ఆఫీసు మాత్రం పట్టా గానీ ఇంటిపన్ను రసీదు గానీ లేదని తిప్పి పంపింది. 2009 అక్టోబరు వరదలో ఇల్లే మునిగిపోతే ఆమె దగ్గర ఏ కాగితం మిగులుతుంది? పదకొండో లక్ష్యంలో మొదటి టార్గెట్టే మురికివాడలను బాగుచేసి అందరికీ ఇల్లు, కనీస వసతులు ఇవ్వాలన్నది. పట్టా ఉన్నవాళ్లకే అని అందులో లేదు. కరెంటు బిల్లు, ఓటరు కార్డు చూసి, నీళ్లిచ్చినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదని సంతకం తీసుకొని కనెక్షన్ ఇవ్వొచ్చు కదా! దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఇంకొకటి. 2021లో నీతి ఆయోగ్ ఈ లక్ష్యాల మీద 56 నగరాలకు మార్కులు వేసింది. నగరం మొత్తానికి ఒకే మార్కు వేస్తే ఒడ్డు మీది వీధులు అందులో కలిసిపోతాయి. ఏ వీధిలో ఇంటి కొళాయి ఉంది, ఏ వీధిలో లేదు అనే లెక్క సచివాలయంలోనే రాసి గోడకు అతికిస్తే మాకూ అడగడానికి ఆధారం ఉంటుంది.

సిబ్బందికి ఐదుకు నాలుగున్నర. ఇంటి కొళాయి సేవకు ఒకటే. పనుంటే పొద్దున పోండి, మధ్యాహ్నం వాళ్లు ఫీల్డులో ఉంటారు. అర్జీ నంబరు తప్పకుండా రాయించుకోండి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వడానికి అది కావాలి. అవ్వతో పాటు నేనూ వచ్చే సోమవారం పోతున్నాను, మా వీధి వాళ్లు ఎవరైనా వస్తే కలిసి పోదాం.