లక్షన్నర కిలోమీటర్ల తర్వాత నా పాత వి-క్రాస్: ఉంచుకున్నవి, విప్పేసినవి

నా బండి 2016 మోడల్ ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్. మన శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలి ఏడాది బండ్లలో ఇదొకటి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు మీటరు లక్షన్నర దాటింది. మారేడుమిల్లి అడవి దారులు, నల్లమల అంచులు, జైసల్మేర్ ఇసుక, స్పితి, లద్దాఖ్ అన్నీ ఈ బండిలోనే తిరిగాం. పాత పికప్‌ను ప్రయాణాలకు సిద్ధం చేసుకోవాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు బరువు తగ్గించండి, ఆ తర్వాతే బలం పెంచండి. షాపుల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారు.

మొదటి యజమాని బండిని బాగా ముస్తాబు చేశారు. ముందు ఇనుప బుల్ బార్, పక్కల మందపాటి పైపుల మెట్లు, పైన క్యారియర్, దానిమీద లైట్ల వరుస, వెనుక డీజిల్ డబ్బాల స్టాండు. నేను కొన్న వెంటనే దాన్ని మా ఊరి రైస్ మిల్లు దగ్గరి వేబ్రిడ్జికి తీసుకెళ్లాను. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూకం వేయించాను, తర్వాత బండి మొత్తం. అప్పుడు ముందు ఇరుసు మీద ఎంత పడుతోంది, వెనుక ఎంత పడుతోంది అన్నది విడివిడిగా తెలుస్తుంది. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువుతో పోల్చి చూస్తే, నలుగురు మనుషులు, సామాను ఎక్కేసరికి ఇక మిగిలేది ఏమీ లేదని తేలింది. మా షెడ్డు మేస్త్రీ ఆ చీటీ చూసి, "ముందు మోసేది తగ్గించండి సార్, కమాన్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. కమాన్లంటే వెనుక ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు. ఆ ఇనుమంతా విప్పించాక దాదాపు 150 కిలోలు తగ్గింది. బండి బ్రేకు పట్టే తీరే మారిపోయింది. ఈ బండికి వెనుక డ్రమ్ బ్రేకులు కాబట్టి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది.

బుల్ బార్ విప్పడానికి మరో కారణం చట్టం. వాటిని తీయించాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఎదురుగా వచ్చే పాదచారికి అవి ప్రాణాంతకం, మన ఎయిర్‌బ్యాగులు తెరుచుకునే తీరునూ దెబ్బతీస్తాయి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా మోటారు వాహనాల చట్టంలో ఉన్నాయి. కాబట్టి ఇంజిన్, ఛాసిస్, రంగు, సీట్ల జోలికి నేను పోలేదు. టైర్లు, సస్పెన్షన్ మార్చేముందు మీ ఆర్‌టీఓ కార్యాలయంలో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగాక బీమావాళ్లు మొదట వెతికేది ఇలాంటి మార్పులనే.

టైర్ల మీద పెట్టిన ప్రతి రూపాయీ నాకు తిరిగి వచ్చింది. కంపెనీ కొలత 255/65 ఆర్17. నేను వేసుకున్నవి 265/65 ఆర్17 ఆల్-టెరైన్ టైర్లు (తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చేవి), స్టెప్నీతో కలిపి ఐదు. ఈ మార్పుతో టైరు మొత్తం ఎత్తు 13 మిల్లీమీటర్లు పెరిగినా ఇరుసు కింద నేలకు పెరిగే ఎడం అందులో సగమే, ఆరున్నర మిల్లీమీటర్లు. ఎత్తు కోసమే పెద్ద టైర్లు వేయాలనుకుంటే ఈ లెక్క గుర్తుంచుకోవాలి. నాకు కావలసింది ఎత్తు కాదు, గట్టి పక్కగోడలు. స్పితి దారిలో పలుగురాళ్లు టైరును కోసేది పక్క నుంచే.

టైరు కంటే గాలి ముఖ్యం. తారు రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉంచుతాను. రాళ్ల దారి మొదలవగానే 25కు దించుతాను, జైసల్మేర్ దగ్గరి సమ్ దిబ్బల్లో 16 వరకు వెళ్లాను. గాలి తగ్గితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు, రాయి తగిలినా లోపలికి వంగి తట్టుకుంటుంది. తారు రోడ్డెక్కగానే తిరిగి నింపాలి, లేదంటే టైరు వేడెక్కి పాడవుతుంది. అందుకే మంచి కంప్రెసర్ ఒకటి సీటు కిందే ఉంటుంది. డబ్బు కొద్దిగానే ఉంటే మొదట కొనవలసింది అదే.

ఒక్క నేల మాత్రం ఈ టైర్లకు లొంగదు. అది మన నల్లరేగడి. ఆదిలాబాద్ వైపు, కర్నూలు వైపు వాన పడ్డాక చేల దారుల్లోకి దిగితే, పది గజాలు వెళ్లేలోపు టైరు గాడులన్నీ మట్టితో పూడిపోతాయి. తర్వాత అది నున్నటి టైరే. ఆల్-టెరైన్ టైర్లు బురదలో బాగా పనిచేస్తాయని ప్రకటనల్లో చూపించే బురద వేరు, రేగడి వేరు. అక్కడ నేల ఆరేదాకా ఆగడమే పద్ధతి.

సస్పెన్షన్ విషయానికి వస్తే, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కమాన్లు మార్పించాను. 40 మిల్లీమీటర్లు మాత్రమే లేపాం. ఇంకా లేపితే ముందు డ్రైవ్ షాఫ్టుల కోణం నిటారవుతుంది, వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి, అలైన్‌మెంట్ కుదరదు. వెనుక కమాన్లలో అదనపు పట్టీ వేయించుకోవడం మన షెడ్లలో చాలా సులువు, చవక కూడా. కానీ ఖాళీ బండిలో వెనుక సీటులో కూర్చున్నవారి నడుము పోతుంది. మా ఆవిడ, పాప ఎప్పుడూ వెనకే కూర్చుంటారు కాబట్టి, నేను నిత్యం మోసే బరువుకు తగ్గ కమాన్లనే ఎంచుకున్నాను. బిగించిన 500 కిలోమీటర్లకు, కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులు మళ్లీ బిగించాలి. అది మరిచిపోతే కమాను కట్ట కదిలి మధ్య బోల్టు తెగుతుంది. షాక్ అబ్జార్బర్లు రెండో జత నడుస్తున్నాయి. మొదటి జత లద్దాఖ్‌లో అలల్లాంటి గతుకుల దారిలో నూనె కక్కేశాయి. అలాంటి దారిలో గంటల తరబడి నడిస్తే అవి చేయి పెట్టలేనంతగా కాలుతాయి. అప్పుడప్పుడు ఆగి చల్లారనివ్వడం ఇప్పుడు మాకు అలవాటు.

చాలామంది పట్టించుకోని మార్పు ఒకటుంది. ఖర్చు కొన్ని వందల రూపాయలే. ఇరుసు మధ్యలో, రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను డిఫరెన్షియల్ హౌసింగ్ అంటారు. దానికి గాలి ఆడడానికి బ్రీదర్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. బండి గంటల తరబడి నడిచి హౌసింగ్ బాగా వేడెక్కి ఉన్నప్పుడు మంచు కరిగిన వాగులోకి దిగామనుకోండి. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి బ్రీదర్ నుంచో, ఆయిల్ సీలు అంచు నుంచో నీటిని లోపలికి లాగుతుంది. పైకి ఏమీ తెలియదు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత నట్టు విప్పితే నూనె పాలు కలిపిన కాఫీ రంగులో కారుతుంది, అప్పటికే బేరింగులు తినేసి ఉంటాయి. బ్రీదర్‌కు రబ్బరు ట్యూబు తగిలించి, ఛాసిస్ వెంట పైకి తీసుకెళ్లి ఇంజిన్ గదిలో ఎత్తున కట్టేస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది. గేర్‌బాక్సుకు, ముందు చక్రాలకూ శక్తిని పంపే ట్రాన్స్‌ఫర్ కేసుకు కూడా అలాగే చేయించాను. స్పితి దారిలో గ్రంఫు నుంచి బాతల్ వరకు వాగులు ఎన్నో రోడ్డు మీదుగానే పారతాయి. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి నీరు పెరుగుతుంది కాబట్టి ఆ దారిని పొద్దున్నే దాటేయాలి. ఆ దారిలో తిరిగి వచ్చాక కూడా నా హౌసింగ్ నూనె శుభ్రంగానే ఉంది. స్నార్కెల్ (ఇంజిన్‌కు ఎత్తు నుంచి గాలి అందించే గొట్టం) కూడా ఉంది గానీ, దాని ఉపయోగం నాకు నీటిలో కంటే దుమ్ములో ఎక్కువ కనిపించింది. ఎత్తు నుంచి గాలి పీల్చడం వల్ల ఎయిర్ ఫిల్టర్ ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటోంది.

వెనుక ట్రాలీకి క్యానపీ (మూసి ఉంచే పైకప్పు గూడు) వేసుకునేవారికి అసలు శత్రువు దుమ్మే. బండి పరుగెడుతున్నప్పుడు వెనుక గాలి ఒత్తిడి తగ్గి, టెయిల్‌గేట్ సందుల్లోంచి దుమ్మును లోపలికి లాగేస్తుంది. బియ్యం డబ్బా మూత తీస్తే పైన ఎర్రటి పొర కనిపించేది. టెయిల్‌గేట్ చుట్టూ, ముఖ్యంగా కింది కీళ్ల దగ్గర, కారు తలుపులకు వేసే బోలు రబ్బరు పట్టీ అతికించాం. క్యానపీ కప్పు ముందుభాగంలో ఫిల్టరున్న చిన్న గాలిగూడు పెట్టించాం. అది లోపలికి గాలిని నెట్టడం వల్ల సందుల్లోంచి గాలి బయటికే పోతోంది. ఇప్పుడు పరుపులు దులపకుండానే పడుకుంటున్నాం. పైకప్పు టెంటు వద్దనుకున్నాను. యాభై, అరవై కిలోలు బండి నెత్తిన పెట్టుకుని ఏటవాలు దారిలో వెళ్లడం నాకు ఇష్టం లేదు.

డీజిల్ డబ్బాల స్టాండు తీసేశానని విని మిత్రులు ఆశ్చర్యపోయారు. ట్యాంకు 76 లీటర్లు పడుతుంది. మనాలి-లేహ్ దారిలో తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని బోర్డు ప్రసిద్ధం. కొండల్లో లీటరుకు తొమ్మిదే వచ్చినా నిండు ట్యాంకు ఆ దూరాన్ని హాయిగా దాటిస్తుంది. మైదానంలో పదిన్నర, పదకొండు ఇస్తోంది. 2.5 లీటర్ల ఇంజిన్, 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్. ఓవర్‌టేక్‌లకు ఓపిక కావాలి, ఎక్కుడుకు ఏ లోటూ లేదు.

నిజమైన లోటు వెనుక డిఫరెన్షియల్ లాక్, అంటే రెండు వెనుక చక్రాలూ కలిసే తిరిగేలా కట్టేసే ఏర్పాటు. 2016 బండికి అది లేదు, జారే చక్రాన్ని తానే అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా లేదు. ఎదురెదురు మూలల్లోని రెండు చక్రాలు గాలిలోకి లేస్తే, ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఉన్నా ఆ రెండే తిరుగుతాయి, బండి కదలదు. బయట దొరికే ఎయిర్ లాకర్ (గాలి ఒత్తిడితో పనిచేసే అలాంటి లాక్) ఒక్కటే నా జాబితాలో మిగిలింది. కూరుకుపోయిన బండిని తాడుతో లాగే వించ్ పెట్టుకోలేదు. చక్రాల కింద వేసే రెండు రికవరీ బోర్డులు, సాగే తాడు, పార, తాడు తగిలించే రెండు సరైన డి-షాకిళ్లతోనే ఇన్నాళ్లూ గడిచింది. కానీ తాడు తగిలించే చోటు జాగ్రత్త. బండిని లారీలో తరలించేటప్పుడు కట్టడానికి ఇచ్చిన కొక్కేలకు సాగే తాడు వేసి లాగితే, కొక్కెం ఊడి తూటాలా వస్తుంది. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన రికవరీ పాయింట్లు ముందు, వెనుక వేయించుకున్నాకే తాడు కొనండి.

పాత బండి కొనాలనుకునేవారు అడుగున పడుకుని ఛాసిస్ తుప్పు, డ్రైవ్ షాఫ్టు బూట్లు, డిఫరెన్షియల్ నూనె చూడండి. ఆ తర్వాత మట్టి నేల మీదకు తీసుకెళ్లి, బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో ఉంచి 4L (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేయండి. తారు మీద ఈ పరీక్ష వద్దు. ముందు, వెనుక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగాల్సి వచ్చి గేర్లు బిగుసుకుంటాయి. ఏళ్లుగా ఊళ్లోనే తిరిగిన బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్‌ను తగిలించే లివరో మోటారో బిగిసిపోయి ఉంటుంది. డాష్‌బోర్డులో ఫోర్ వీల్ డ్రైవ్ దీపం మెరుస్తూనే ఉండి నిలకడగా వెలగకపోతే, అది బాగుచేయడానికి ఎంతవుతుందో తెలిసిన మేస్త్రీని అడిగి, ఆ మొత్తం తీసేసి బేరం మాట్లాడండి.