మెయిల్ స్కానింగ్: గుమ్మం దగ్గరా, క్యూలోకి వచ్చాకా?

యూనిక్స్ సర్వర్‌లో ఈమెయిల్ ఉత్తరాలు చేరవేసే పోస్ట్‌ఫిక్స్‌కు వైరస్‌లు పట్టే క్లామ్‌ఏవీని జతచేయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. అమావిస్ (పోస్ట్‌ఫిక్స్‌కూ స్కానర్‌కూ మధ్యవర్తి ప్రోగ్రామ్) పద్ధతిలో పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని ముందు క్యూలోకి తీసుకుని 10024 పోర్టుకు పంపుతుంది. తనిఖీ ముగిశాక అది 10025 పోర్టు ద్వారా తిరిగి వస్తుంది. మిల్టర్ (మెయిల్ ఫిల్టర్) పద్ధతిలో పంపే సర్వర్ ఇంకా లైన్ మీద ఉండగానే తనిఖీ పూర్తవుతుంది. మిల్టర్ సెండ్‌మెయిల్ అనే మరో మెయిల్ సర్వర్ కోసం పుట్టినది. పోస్ట్‌ఫిక్స్‌కు 2006లో వచ్చిన 2.3 వెర్షన్‌తో అందింది.

అసలు తేడా బాధ్యతలో ఉంది. 250 (తీసుకున్నాం) అని జవాబిచ్చామంటే ఉత్తరాన్ని చేర్చే పూచీ మనదే కాబట్టి, ఆ తర్వాత వైరస్ దొరికితే తిప్పి పంపలేము. పంపితే, పంపినవారి చిరునామా చాలావరకు దొంగదే కనుక, ఆ తిరుగు ఉత్తరం ఏమీ ఎరగనివారి ఇంటికి వెళ్తుంది. ఇక మిగిలేది పారేయడమో, విడిగా దాచడమో. మిల్టర్ అయితే 550 (తీసుకోం) అని ముఖం మీదే చెప్పి పంపేస్తుంది, కనుక పొరపాటున ఆగిన మంచి ఉత్తరం సంగతి కూడా పంపినవారికి తెలుస్తుంది.

అయితే ఒకేసారి వందల ఉత్తరాలు వచ్చిపడే సర్వర్‌కు క్యూ పద్ధతే నయం, ఎందుకంటే రద్దీని క్యూ భరిస్తుంది, స్కానర్ తన వేగంతో నడుస్తుంది. అందులో మరచిపోకూడనిది ఒకటుంది: 10025 సర్వీసుకు కంటెంట్ ఫిల్టర్ సెట్టింగును ఖాళీగా పెట్టకపోతే ఉత్తరం రెండు పోర్టుల మధ్య గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

మిల్టర్‌కూ దాని తిప్పలు దానికున్నాయి. పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో (తన స్పూల్ డైరెక్టరీ దాటి చూడలేని ఏర్పాటులో) నడుస్తుంటే, ప్రోగ్రాములు మాట్లాడుకునే యూనిక్స్ సాకెట్ బయట ఉంటే దానికి కనబడదు. సాకెట్‌ను స్పూల్ డైరెక్టరీ లోపలే పెట్టాలి. క్లామ్‌ఏవీ మిల్టర్ స్వతహాగా వైరస్ ఉత్తరాన్ని తిరస్కరించదు, క్వారంటైన్ చేస్తుంది, అంటే విడిగా ఆపి ఉంచుతుంది. యాంటీవైరస్‌ను పరీక్షించే 68 బైట్ల హానిలేని ఐకార్ ఫైలును జతచేసి పంపి మెయిల్‌క్యూ చూడండి: క్యూ ఐడీ పక్కన ఆశ్చర్యార్థకం కనిపిస్తే అది హోల్డ్‌లో కూర్చుందన్నమాట. మిల్టర్ సెట్టింగుల్లో ఆన్‌ఇన్‌ఫెక్టెడ్‌ను రిజెక్ట్‌గా మార్చేవరకు పైన చెప్పిన లాభం దక్కదు.

స్కానర్ పడిపోయినా ఉత్తరాలు పోవు: క్యూ పద్ధతిలో మన దగ్గరే ఆగుతాయి, మిల్టర్‌లో డిఫాల్ట్‌గా తాత్కాలిక వైఫల్యం చెప్పడంతో పంపే సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. కాబట్టి మామూలు రద్దీ ఉన్న సర్వర్‌కు నా ఓటు మిల్టర్‌కే.