బి.ఎస్సీ. నర్సింగ్: మా మేనకోడలు విశాఖలో చదివిన కాలేజీ గురించి

నేను జి.ఎన్.ఎమ్. (నర్సింగ్ డిప్లొమా) చదివి, విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యూ.లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా తమ్ముడిది నర్సీపట్నం దగ్గర పల్లె. వాడి పెద్దమ్మాయి నగర శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఎస్సీ. నర్సింగ్ ఈమధ్యే పూర్తిచేసింది. సర్టిఫికెట్ల గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కాలేజీ పేరు రాయడం లేదు. ఇంటర్ బైపీసీ అయిన ఆడపిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది నన్ను అడుగుతున్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

చేరేటప్పుడు వాళ్లు చూపించేది బిల్డింగు, బస్సులు, ల్యాబ్‌లో పడుకోబెట్టిన బొమ్మలు. నర్సు తయారయ్యేది వార్డులో. అక్కడ పిల్ల చేతిలో సిరంజి ఉన్నప్పుడు పక్కన ట్యూటర్ ఉందా లేదా అన్నదే నేను చూస్తాను. మొదటి మూడేళ్లకు ఈ విషయంలో ఆ కాలేజీకి పూర్తి మార్కులు వేస్తాను.

వీళ్లకు సొంత ఆసుపత్రి ఉంది. దాంతోపాటు కేజీహెచ్‌కు, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రికి కూడా పోస్టింగులు (వార్డుల్లో శిక్షణ డ్యూటీలు) వేశారు. అదే ఈ కోర్సుకు ప్రాణం. 1923 నుంచి నడుస్తున్న ఆసుపత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. కార్పొరేట్ ఆసుపత్రిలో విద్యార్థిని దూరంగా నిలబడి చూసే కేసులు అక్కడ రోజూ చేతికి తగులుతాయి. మా పిల్ల ట్యూటర్ ఒకావిడ, పేరు చెప్పను గానీ, ఉదయం షిఫ్టు హ్యాండోవర్‌కు ముందే వార్డులో ఉండేది. మందు తీసే ముందు, కలిపే ముందు, ఇచ్చే ముందు లేబుల్ పైకి చదివించేది. చిన్నపిల్లల వార్డులో బరువు చూసి డోసు లెక్క కాగితం మీద వేస్తే గానీ ఆంపూల్ (ఇంజెక్షన్ మందు సీసా) ముట్టుకోనిచ్చేది కాదు. రెండో ఏడు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నేను ఊరికే అడిగాను, పొటాషియం క్లోరైడ్ ఎలా ఇస్తావని. "నేరుగా నరంలోకి తోయకూడదత్తా, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి, యూరిన్ వస్తోందో లేదో ముందు చూడాలి" అంది. ఉద్యోగంలో చేరి ఏడాదైన పిల్లలు కూడా ఈ మాట తడబడకుండా చెప్పలేకపోవడం నేను చూశాను. ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది.

మూడో ఏట చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలో పోస్టింగు పడినప్పుడు మా మరదలు భయపడిపోయింది, పిల్లని పంపనంది. వెళ్లొచ్చాక రోగితో కూర్చుని మాట్లాడటం, ఎదురు చెప్పకుండా వినడం వచ్చింది పిల్లకి. లేబర్ రూమ్‌లో పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు) తనే గీసేది. కమ్యూనిటీ పోస్టింగులో జాలరిపేట ఇళ్లకు తిరిగి గర్భిణులకు బీపీ చూసేది.

ఇంకో మంచి మాట. థియరీకి 80 శాతం హాజరు చాలు, క్లినికల్‌కు, అంటే వార్డు పోస్టింగులకు మాత్రం డిగ్రీ చేతికొచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తిచేయాలన్నది నర్సింగ్ కౌన్సిల్ నియమం. చాలాచోట్ల సంతకాలతో నింపేస్తారు. మా పిల్లకి డెంగీ వచ్చి పోస్టింగు తప్పితే వీళ్లు సెలవుల్లో మళ్లీ వేసి చేయించారు. అప్పుడు విసుక్కుంది గానీ అదే న్యాయం.

ఇక బాగోలేనివి. కొత్త సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, 22 వారాలు, వారానికి 48 గంటలు. దాన్ని ఈ కాలేజీ చదువుగా చూడలేదు, జీతం లేని డ్యూటీగా వాడుకుంది. సొంత ఆసుపత్రిలో నైట్ షిఫ్టుకు స్టాఫ్ తక్కువైతే ఇంటర్న్ పిల్లల్ని వేసేవారు. ట్యూటర్ ఉండేది కాదు, వార్డు మొత్తానికి ఒకే సిస్టర్. ఇది నేను క్షమించలేను. ఇంకా రిజిస్ట్రేషన్ లేని పిల్ల అర్ధరాత్రి ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే రోగికీ ప్రమాదం, పిల్లకీ ప్రమాదం. తల్లిదండ్రులం కొందరం కలిసి ప్రిన్సిపాల్‌ను గట్టిగా అడిగాక నైట్లకు ఒక ట్యూటర్‌ను వేశారు.

బొమ్మలున్న ల్యాబ్ తాళం తనిఖీల ముందే తీసేవారు. నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ (నర్సింగ్ పనిలో కంప్యూటర్ వాడకం) అంటే నోట్సు చెప్పి రాయించడమే, కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఉచిత జర్మన్ అని బ్రోచర్లో వేశారు. నర్సుగా జర్మనీలో గుర్తింపు రావాలంటే సాధారణంగా భాషలో బి2 స్థాయి కావాలి, వీళ్ల క్లాసులు అన్నిటికంటే కింది మెట్టయిన ఎ1 దగ్గరే ఆగిపోయాయి. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షకు కోచింగ్ కూడా మాటవరసకే. హాస్టల్ భోజనం పర్వాలేదు.

అన్నిటికంటే బాధపెట్టింది సర్టిఫికెట్లు. చేరిన రోజున తీసుకున్న పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. చేరేటప్పుడు చెప్పని ఒక ఫీజు కట్టమంటున్నారు. స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే పిల్ల ఉద్యోగంలో చేరగలదు, దానికి ఆ ఒరిజినల్స్ కావాలి. మా తమ్ముడు చెరకు డబ్బులు రాగానే కట్టేద్దామంటున్నాడు. నేను మాత్రం వద్దన్నాను, యూనివర్సిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాను.

మీరు ఏ కాలేజీ చూడటానికి వెళ్లినా ఆఫీసు గదిలో కూర్చోకండి. ఉదయం పూట వాళ్ల పిల్లలు పోస్టింగులో ఉన్న వార్డుకు వెళ్లండి. పదిమంది విద్యార్థులకు ఒక టీచరన్నది నియమం, అక్కడ ఉన్నారేమో లెక్కపెట్టండి. సొంత ఆసుపత్రిలో మంచాలు నిండుతున్నాయో లేదో చూడండి. ఖాళీ మంచాల మధ్య ఏ పిల్లా నర్సు కాదు. ఫైనలియర్ పిల్లల్ని విడిగా పిలిచి నైట్లలో పక్కన ఎవరుంటారని అడగండి. నాలుగేళ్ల ఫీజు మొత్తం, పరీక్ష ఫీజుతో సహా, లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఒరిజినల్స్ సరిచూశాక తిరిగి ఇచ్చేస్తారా అన్నది కూడా అందులోనే ఉండాలి.

అయిదింటికి మూడున్నర ఇస్తున్నాను. అందులో మూడు వార్డులో నిలబడ్డ ట్యూటర్లకే. మా తమ్ముడి రెండో పిల్ల వచ్చే ఏడాది ఇంటర్ పూర్తిచేస్తుంది. ఆ ట్యూటర్లు అప్పటికీ అక్కడే ఉంటే, ఒరిజినల్స్ మా చేతికొస్తే, దాన్నీ అక్కడే చేర్పిస్తాను.