పండగకి డీప్ క్లీనింగ్ బుక్ చేస్తున్నారా? మీది బండల ఇల్లయితే ముందు ఇది చదవండి

దసరా ఇంకా పది రోజులుందనగా మా ఇంట్లో 'ఫుల్ హౌస్ డీప్ క్లీనింగ్' చేయించాను. ఇరవై రెండేళ్లుగా మెరుస్తూ ఉన్న తాండూరు బండల హాలు ఒక్క పూటలో సున్నం జల్లినట్టు తెల్లబడిపోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇది ఒక్కరి సంగతే కాదు. మా బండలు చూడటానికి వచ్చిన పాలిష్ మేస్త్రి, పండగల ముందు తనకి ఇలాంటి ఇళ్ల నుంచే ఎక్కువ ఫోన్లు వస్తాయని చెప్పాడు.

మా ఇల్లు మామయ్యగారు కట్టించింది. హాలు, రెండు గదులు తాండూరు బండ. వంటింటి గట్టు కడప నల్లరాయి. పూజగదిలో తెల్ల పాలరాయి. అత్తయ్యగారి పద్ధతి ఒకటే. పొద్దున్నే ఊడ్చి, బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, ఆ వెనకే పొడిగుడ్డ వేసేవారు. పొడిగుడ్డ ఎందుకత్తయ్యా అంటే, "మన బోరు నీళ్లు ఉప్పమ్మా, ఆరితే మరకే" అనేవారు. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక తుడిచే పని నా మీద పడింది. ఆఫీసు హడావిడిలో పొడిగుడ్డ మానేశాను. ఏడాది తిరిగేసరికి బాత్రూమ్ గడప దగ్గర, సింకు కింద తెల్లటి చారలు కనపడటం మొదలైంది. అవి పోగొట్టించుకుందామనే ఈ సర్వీసుకి ఫోన్ చేశాను.

ముందుగా ఇల్లు చూసి రేటు చెప్తానని ఒకతను వచ్చాడు. చేతిలో టార్చి, తెల్లగుడ్డ. నేరుగా సోఫా కిందకి వంగి గుడ్డతో ఒకసారి రాసి, నల్లగా అయిన గుడ్డని నా ముందు పెట్టాడు. తర్వాత ఫ్యాను రెక్క. తర్వాత పరుపు అంచు. అన్నీ ఫోన్లో ఫొటోలు తీశాడు. "మేడమ్, మీరు రోజూ తుడిచేది పైపైనే. ఏళ్ల తరబడి పట్టిన మురికి తడిగుడ్డకి రాదు. పిల్లలున్న ఇల్లు కదా" అన్నాడు. పక్కింటి పిన్నిగారు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కసారికైతే 6,500, ఏడాదిలో నాలుగుసార్లయితే 18,000, ఈ రోజే కడితేనే ఆ రేటు అన్నాడు. ఇంకేం ఆలోచించకుండా మొత్తం ఫోన్లోనే కట్టేశాను.

సోఫా కింద గుడ్డ పెడితే ఏ ఇంట్లోనైనా నల్లగానే వస్తుంది. రోజూ రెండుపూటలా తుడిచే ఇంట్లోనైనా అంతే. ఆ గుడ్డ చూపించేది మన ఇంటి శుభ్రతని కాదు. మనల్ని సిగ్గుపడేలా చేసి సంతకం పెట్టించుకోవడానికే అది. నా అనుభవంలో మొదటి హెచ్చరిక ఇదే. ఎవరైనా మీ ఇంట్లో దుమ్ము మీకే చూపించి ఆ నిమిషంలోనే డబ్బు కట్టమంటే, రేపు చెప్తానని పంపేయండి.

పని రోజు ఎనిమిదింటికి రావాల్సినవాళ్లు పదకొండున్నరకి వచ్చారు. ముగ్గురు కుర్రాళ్లు, ఒక వ్యాక్యూమ్ మెషిన్, ఐదు లీటర్ల తెల్ల క్యాన్లు రెండు. వాటి మీద పేరు లేదు, లేబుల్ లేదు. ఇదేంటి బాబూ అంటే "కంపెనీ లిక్విడ్ మేడమ్" అన్నారు. ఫ్యాన్లు, కిటికీలు, సోఫా బాగానే చేశారు, ఆ మాట చెప్పాలి. తర్వాత ఒకబ్బాయి ఆ క్యాన్లోది బాత్రూమ్ గచ్చు మీద పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ జల్లాడు. క్షణంలో ఘాటు ఇల్లంతా పాకింది. హాల్లో ఉన్న అత్తయ్యగారికి దగ్గు ఆగలేదు, కళ్ల వెంట నీళ్లు. కిటికీలన్నీ తెరిచి, ఆవిణ్ణి బాల్కనీలోకి తీసుకెళ్లి, ఆ అబ్బాయిని కూడా బయటికి రమ్మని కేకేశాను. వాడి చేతికి గ్లౌజులు లేవు. కాళ్లకి చెప్పులు కూడా లేవు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా ఊడి ఉంది.

ఆ క్యాన్లో ఉన్నది యాసిడ్. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. గాలి ఆడని చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకి కూడా రావచ్చు. మనం కొనుక్కునే చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే. కాబట్టి క్లీనర్ పోశాక ఇంకా తెల్లబడాలని బ్లీచింగ్ వేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజుతో మానేయండి. ఇది పనివాళ్లకే కాదు, మనకీ వర్తిస్తుంది.

నేను బాల్కనీలో అత్తయ్యగారి దగ్గరుండగానే హాల్లో పని మొదలుపెట్టేశారు. అదే క్యాన్లోది బకెట్ నీళ్లలో కలిపి గడప దగ్గర చారల మీద పోశారు. సుర్రుమని సన్నటి నురగ వచ్చింది. "చూడండి మేడమ్, మురికి ఎలా పొంగుతోందో" అన్నాడు పెద్దవాడు. నేనూ అలాగే అనుకున్నాను. పొంగింది మురికి కాదు, మా బండ.

ఇది తర్వాత మేస్త్రి దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల రాయి, కడప నల్లరాయి, ఇవన్నీ సున్నపురాళ్లు. పాలరాయిదీ అదే జాతి, అన్నిట్లో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేటే. యాసిడ్ తగిలిందంటే పై పొర కరిగి, కార్బన్ డయాక్సైడ్ నురగలా పైకి వస్తుంది. ఉప్పు మరక పోయిందనిపిస్తుంది, నిజానికి మరకతో పాటు పాలిషూ పోతుంది. గ్రానైట్ సంగతి వేరు, మామూలు యాసిడ్‌కి అంత తేలిగ్గా లొంగదు. కానీ అక్కడ కూడా బండల సందుల్లో నింపిన సిమెంటుని యాసిడ్ తింటుంది, కుళాయిల మీద మెరుపు పోతుంది, స్టీలు జాలీకి మచ్చలు పడతాయి. మా బాత్రూమ్‌లో రెండు కుళాయిలు అలాగే అయ్యాయి.

తడి మీద ఉన్నంతసేపూ బండలు నల్లగా నిగనిగలాడుతూ కనిపించాయి. వాళ్లు ఫొటోలు తీసుకుని, నాతో ఐదు స్టార్లు పెట్టించుకుని వెళ్లారు. అప్పుడు సాయంత్రం ఆరున్నర, ట్యూబ్‌లైట్ వెలుతురు. తెల్లారి ఎండ పడ్డాక చూస్తే హాలు సగం పాలిపోయి ఉంది. అరచేయి పెట్టి రాస్తే ఇసక కాగితంలా గరగరలాడింది. మంచం కింద వాళ్లు ముట్టుకోని రెండు బండలు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ఊతకర్ర పక్కన పెట్టి, ఆ రెండు బండల దగ్గర మెల్లగా కూర్చుని చేత్తో నిమిరారు. నాకు ఏడుపొచ్చింది.

సంస్థకి ఫోన్ చేస్తే ఆరితే సర్దుకుంటుందన్నారు. రెండు రోజుల తర్వాత మీ బండలే పాతవన్నారు. చివరికి ఇంకోసారి ఉచితంగా క్లీనింగ్ చేస్తామన్నారు. మళ్లీ పాలిష్ చేయించడానికి చదరపు అడుగుకి 35 చొప్పున, 650 అడుగులకి 22,750 అవుతుందని మేస్త్రి లెక్క చెప్పాడు. అంతా అయ్యాక కూడా కడప గట్టు మీద పడిన మచ్చలు పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేనన్నాడు.

ఇప్పుడు నేను చేస్తున్నది కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వాళ్లు సంస్థతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, అంతేగానీ డబ్బిమ్మని ఆదేశించే అధికారం వాళ్లకి లేదు. అక్కడ తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. నా దగ్గర లేనిదల్లా పనికి ముందు తీసిన ఫొటోలు. బండలు ఎలా ఉండేవో చూపించడానికి ఇప్పుడు పిల్లల పుట్టినరోజు ఫొటోలు వెతుక్కుంటున్నాను. మీరు మాత్రం వాళ్లు లోపలికి రాకముందే ప్రతి గది నేలనీ పగటి వెలుతురులో ఒక వీడియో తీసి పెట్టుకోండి. వాళ్లు తెచ్చిన క్యాన్లనీ ఫొటో తీయండి.

బుక్ చేసేముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రాయో తెలుసుకోండి. తెలియకపోతే మంచం కిందో, బీరువా వెనకో ఎవరికీ కనపడని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలాగి తుడవండి. సన్నగా బుడగలొచ్చినా, ఆరాక అక్కడ మచ్చ మసగ్గా మిగిలినా అది సున్నపురాయే, యాసిడ్ పనికిరాదు. ఆ సంగతి సంస్థకి మెసేజ్ రూపంలో పంపి, నేల మీద ఏ మందు వాడతారో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఏడాది ప్యాకేజీ మొదటిరోజే కట్టకండి. మిగతా డబ్బు తెల్లారి ఎండలో నేల చూశాకే ఇస్తానని ముందే ఖాయం చేసుకోండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఆ చారలకి ఇవేవీ అక్కర్లేదు. క్లీనింగ్ వాళ్లు వదిలేసిన ఒక చార మీద మేస్త్రి గోరువెచ్చటి నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, వెంటనే పొడిగా తుడిచి చూపించాడు. ఒక్కసారికే పోలేదు. రోజూ చేస్తే వారంలో పలచబడింది. ఇరవై రెండేళ్లు ఆ హాలుని కాపాడింది అత్తయ్యగారి పొడిగుడ్డ. దాన్ని మానేసింది నేను. రోజుకి పది నిమిషాల పనిని 18,000 పోసి కొనబోయాను.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాం. గడప బయటొకటి, లోపలొకటి కాళ్లు తుడుచుకునే పట్టాలు వేశాం. ఇసక లోపలికి రాకపోతే బండ గీసుకోదు. పొద్దున నేను తడిగుడ్డ వేస్తుంటే మా వారు వెనకాలే పొడిగుడ్డ వేస్తున్నారు. కుక్కర్ విజిల్ వచ్చేలోపు గట్టు తుడిచేస్తాను. చారు ఒలికినా, నిమ్మచెక్క పడినా అప్పుడే తీసేయాలి, ఎందుకంటే చింతపండు పులుపూ ఆ రాయిని తినేదే. పండక్కి ఇత్తడి పూజసామాను చింతపండుతో తోమేది ఆ గట్టు మీదే. గమనించి చూస్తే చెంబు అడుగు సైజులో తెల్లటి వలయాలు ఉన్నాయి. అవి యాసిడ్ వాళ్లు చేసినవి కావు, మేమే ఏళ్లుగా చేసుకున్నవి. ఇకనుంచి ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి తోముతున్నాం.

ఈ వారంలో మీ ఇంటికి క్లీనింగ్ వాళ్లు రావాల్సి ఉంటే, ఇప్పుడే ఫోన్ చేసి మందు పేరు అడగండి. 'కంపెనీ లిక్విడ్' అన్నారంటే బుకింగ్ రద్దు చేసుకోండి.