ఉట్నూరు ఇప్పపువ్వు లడ్డు: రెండు డబ్బాలు తిన్న తరువాత

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే గోండుల నాగదేవత నాగోబా జాతర చూసి తిరిగి వస్తూ, ఉట్నూరులో ఒక చిన్న దుకాణం ముందు ఆగి, అరకిలో ఇప్పపువ్వు లడ్డు డబ్బా కొన్నాను. ధర 250 రూపాయలు, లోపల పదహారు లడ్డులు. ఆదిలాబాద్ కొండలకు వెళ్లినవాళ్లు ఈమధ్య తెచ్చుకునే వస్తువుల్లో ఇది ఒకటి కాబట్టి, డబ్బు పెట్టి కొనేవారికి పనికివచ్చేలా రాయాలనిపించింది. మొదటి డబ్బా తిన్న వెంటనే రాసి ఉంటే ఈ సమీక్ష ఇప్పటికంటే కటువుగా ఉండేది.

ముందు రుచి సంగతి. ఎండిన ఇప్పపువ్వును మొదటిసారి నోట్లో వేసుకున్నవారికి కిస్‌మిస్ గుర్తుకు వస్తుంది. నాలుగుసార్లు నమిలాక బాగా మగ్గిన సపోటా వాసన, దాని వెనుక సన్నని పులుపు తెలుస్తాయి. లడ్డులో పువ్వుతో పాటు వేయించిన పల్లీలు, నువ్వులు, బెల్లం, కొద్దిగా నెయ్యి, యాలకులు కలిపారు. పల్లీల కమ్మదనం పువ్వు తీపికి బాగా కుదిరింది, నువ్వులు కూడా ఒప్పాయి. యాలకులు మాత్రం అనవసరమని నా అభిప్రాయం. ఇప్పపువ్వు వాసన పట్టణం వాళ్లకు నచ్చదేమో అన్న జంకుతో దాన్ని యాలకులతోనూ, మోతాదు మించిన బెల్లంతోనూ కప్పిపెట్టినట్టు అనిపించింది. ఎండిన పువ్వు బరువులో సుమారు సగం చక్కెరలే అయినప్పుడు, అంత బెల్లం వేయవలసిన అవసరం ఏముంది?

ఆ జంకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మైదాన ప్రాంతంలో ఇప్ప అనగానే సారా గుర్తుకు వస్తుంది. గోండులకూ కొలాములకూ మాత్రం అది ముందుగా తిండి. గింజలు నిండుకునే ఎండాకాలంలో పువ్వును వేయించుకొని, ఉడకబెట్టుకొని, జొన్నలతో కలిపి తిని పొట్ట నింపుకున్న తరాలు ఆ గూడేలలో ఉన్నాయి. ఇప్ప గింజల నుంచి నూనె తీస్తారు. మా ఊరి గుడిలో నా చిన్నతనంలో వెలిగిన దీపం ఆ నూనెదే. కాబట్టి ఈ లడ్డును సారాకు చుట్టంగానో, కొత్తగా కనిపెట్టిన ఆరోగ్య పదార్థంగానో కాక, పాత తిండికి వచ్చిన కొత్త రూపంగా చూడడమే న్యాయం. అలా చూసినప్పుడు దాని లోపాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి డబ్బాలో నాకు రెండు లోపాలు కనిపించాయి. మూడో లడ్డులో పంటికింద ఇసుక తగిలింది. ఇప్పపువ్వును కొమ్మ నుంచి కోయరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున అది తానే రాలుతుంది, ఆడవాళ్లు, పిల్లలు గంపలతో వెళ్లి నేల మీది నుంచి ఏరుకుంటారు. పువ్వు కనబడడానికి చెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చే అలవాటు కూడా ఉంది, దాన్ని అటవీ శాఖవారు మంటల భయంతో వద్దంటారు. నేల మీద పడిన పువ్వుకు మట్టి అంటడం సహజం కాబట్టి, ఆ మట్టి పోయేలా కడగడం, ఎండాక నలిచి లోపలి కేసరాలను తీసివేయడం తయారీదారు పని. కేసరాలు మిగిలితే గొంతులో గరగరలాడుతుంది. ఆ డబ్బాలో రెండు పనులూ సగమే జరిగాయి.

రెండో లోపం ముక్కవాసన. దానికి కారణం నాకు తరువాత తట్టింది: పువ్వు వచ్చేది ఎండాకాలంలో, నేను కొన్నది జనవరిలో. అంటే ఆ పువ్వు ఒక వానాకాలమంతా ఎక్కడో గోనెసంచిలో గడిపింది. తేమ తగిలిన ఇప్పపువ్వు త్వరగా పులుస్తుంది. డబ్బా మీద తయారైన తేదీ లేదు, ఏ ఊరివాళ్లు చేశారో లేదు; ఒక చెట్టు బొమ్మ, రక్తహీనత పోతుందన్న ఒక వాక్యం ఉన్నాయి. ఆ వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. ఉట్నూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో గిరిజన విద్యార్థినులకు ఈ లడ్డులను పోషకాహారంగా ఇచ్చిన మాట నిజమే, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిసిన ఏ లడ్డు అయినా ఎదిగే పిల్లకు మేలు చేసేదే. అయితే దీన్ని మందుగా భావించి కొనవద్దు, మధుమేహం ఉన్నవారు అసలే తినవద్దు.

మే నెలాఖరులో ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ మీదుగా జైనూరు వైపు వెళ్లే పని పడింది. 1940లో కొమురం భీం నేలకొరిగిన జోడేఘాట్ ఆ దారికి దగ్గరే. ఆ పోరాటం తరువాత గోండుల స్థితిగతులను తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ నివసించిన మార్లవాయి కూడా ఆ చుట్టుపక్కలదే. దారిలో ఒక మహిళా సంఘం వాళ్లు అమ్ముతున్న చోట రెండో డబ్బా తీసుకున్నాను. అక్కడ కూర్చున్న పెద్దావిడను "అక్కా, ఇది ఈ ఏడు పువ్వేనా?" అని అడిగితే, నవ్వి, లడ్డుకు బదులు ముందు పిడికెడు పువ్వు నా చేతిలో పోసింది. రంగు ఇంకా లేత గోధుమగా ఉంది. పాత పువ్వు నలుపు తిరుగుతుంది. కొనేవారికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

ఈ రెండో డబ్బా వేరే వస్తువు అనదగినంత బాగుంది. యాలకులు లేవు, బెల్లం తక్కువ, ఇసుక లేదు, పువ్వు కొంచెం సాగుతూ పంటికి తగిలింది. ధర 300 రూపాయలు. ఎక్కువ అనేవారికి నా సమాధానం ఇది: 2020లో కేంద్రం ఎండిన ఇప్పపువ్వుకు ప్రకటించిన కనీస మద్దతు ధర కిలోకు 30 రూపాయలు. చీకటితో లేచి ఏరి, ఎండబెట్టి, బరువంతా ఆవిరైపోగా మిగిలిన పువ్వుకు వచ్చే ధర అది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఆదివాసులకే ఇచ్చినా, పువ్వును పువ్వుగా అమ్మినంత కాలం లాభం సంతలో కూర్చున్న వ్యాపారిదే అవుతుంది. లడ్డుగా మారితే గూడెంలో మిగిలేది పెరుగుతుంది. అందుకే మధ్యవర్తి దుకాణంలో 250 పెట్టి కొనడం కంటే, చేసినవాళ్ల చేతి నుంచి 300కు కొనడమే నాకు చవకగా తోచింది.

కొనదలచినవారు ఏప్రిల్ చివరి నుంచి జూన్ లోపల కొనండి, డబ్బా మూత తీయించి వాసన చూడండి, పువ్వు ఏ ఏడాదిదో అడగండి. జాతర సమయంలో వెళ్లేవారు గోండుల్లోని మెస్రం వంశంవారు గోదావరి జలంతో నాగోబాకు చేసే అభిషేకం, కొత్త కోడళ్లను దేవతకు పరిచయం చేసే భేటింగ్ తప్పక చూడండి, లడ్డు మాత్రం మరో ప్రయాణానికి వాయిదా వేసుకోండి. ఇంట్లో గాలి చొరని స్టీలు డబ్బాలో ఉంచితే మూడు వారాలు చెడలేదు. ఫ్రిజ్‌లో పెట్టిన నాలుగు మాత్రం రాయిలా గట్టిపడ్డాయి. వాటిని చిదిమి వేడి జొన్నరొట్టె మీద చల్లుకొని తిన్నాము. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లడ్డును లడ్డుగా తినడం లేదు.