తుపాను తీరంలో ఫ్లైయాష్ ఇటుక: తడిపి చూసి తీసుకుంటే 5కి 3.5

బట్టీ కాల్చక్కర్లేదు, పొలం మన్ను తవ్వక్కర్లేదు, థర్మల్ కేంద్రం బూడిదకూ (అదే ఫ్లైయాష్) ఒక దారి దొరుకుతుంది. తుపానుకు కూలిన ఇంటిని మళ్లీ కట్టుకునేవాళ్లకు ఫ్లైయాష్ ఇటుక మంచి ఎంపికే. కాకపోతే ఒక్కో లారీది ఒక్కో నాణ్యత. మార్కులు తగ్గించింది అందుకే.

సరుకు దించకముందే నమూనాగా అయిదు ఇటుకలు తెచ్చి తూచండి. పొడిగా 3 కిలోలున్నది 24 గంటలు నీళ్లలో నానాక 3.6 కిలోలు దాటకూడదు. 20 శాతం కన్నా ఎక్కువ నీళ్లు తాగితే వెనక్కి పంపేయండి. తయారీ తేదీ కూడా అడగాలి. బూడిద గట్టిపడటం నెమ్మది. వారానికే లారీ ఎక్కించిన ఇటుక గోడలోకి వెళ్లాక ముడుచుకుంటుంది. కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్లొస్తే తిట్లు తినేది మాత్రం మేస్త్రీ! 28 రోజులు నిండినవే తీసుకోండి.

ఎర్ర ఇటుకలా తొట్టిలో నానబెట్టొద్దు, నీళ్లు చల్లితే చాలు. సిమెంటు, ఇసుక మాలు 1:6. ముఖం నునుపు కాబట్టి ప్లాస్టరింగ్ ఊడొస్తుంది. మాలు పచ్చిగా ఉండగానే సందులను 10 మి.మీ. లోతు గీకించాలి. దగ్గర్లో ఉందని సముద్రపు ఇసుక కలిపితే గోడ ఉప్పు చిమ్ముతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

అసలు సంగతి, గాలికి ఇంటిని నిలబెట్టేది ఇటుక కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన విశాఖకు భారత ప్రమాణం ఐఎస్ 875 కట్టడాల లెక్కకు పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి మొదట కప్పు రేకును పైకి లాగుతుంది. కప్పు పోయాక పట్టు లేని గోడ పడుతుంది. అందుకే రేకుల వాలు 22 నుంచి 30 డిగ్రీలు ఉండాలి, చూరు పొట్టిగా ఉండాలి, అంచుల్లో జె-బోల్టులు (రేకును పట్టే కొక్కెం బోల్టులు) దగ్గర దగ్గరగా పడాలి. భూకంపాల కోసం ఐఎస్ 4326 చెప్పిన కాంక్రీటు బెల్టు ఇక్కడా పనికొస్తుంది: ప్లింత్ (పునాది పైభాగం), లింటెల్ (తలుపు, కిటికీల పైభాగం), కప్పు మట్టాల్లో ఇల్లంతా చుట్టి రావాలి. మందం 75 మి.మీ., 10 మి.మీ. కడ్డీలు రెండు, 150 మి.మీ.కొకటి చొప్పున 6 మి.మీ. లింకు (కడ్డీలను కలిపే చువ్వ). మూలలో కడ్డీని కోసి ఆపేస్తే బెల్టు వేసీ లాభం లేదు. వంచి పక్క గోడలోకి తీసుకెళ్లాలి. కప్పు దూలాలను పై బెల్టులో దించిన బోల్టులకే బిగించాలి.

సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నిషేధ హద్దులో అయితే, అనుమతి ఉన్న పాత ఇంటినే, పాత ప్లింత్ వైశాల్యం దాటకుండా కట్టనిస్తారు. ఆ కాగితం చేతికొచ్చాకే ఇటుకలకు అడ్వాన్సు ఇవ్వండి.